ఆ ఒక్క ముఖం

ఆ ముఖం దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన వేలు గాల్లోనే ఆగిపోయింది.

“ఏదో ఒక మీట నొక్కండి అంకుల్. కోపమా, భయమా, ఏడుపా... మీకేమనిపిస్తే అది,” అంది అమ్మాయి.

ఆయన నొక్కలేదు. తెర మీది ముఖం దానంతటదే మాయమై, ఇంకోటి వచ్చింది.

“ఇందాకటిది మళ్ళీ చూపిస్తావా తల్లీ?”

“కుదరదండీ. ఎవరికైనా ఒక్కో ముఖం ఒక్కసారే.”

మిగతా ముఖాలకి చూడకుండానే ఏదో ఒకటి నొక్కేసి ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఆమెది సైకాలజీ ఆనర్స్, ఆఖరి సంవత్సరం. మనిషి ముఖం చూసి మనసుని ఎంతవరకు చదవగలం అన్నది ప్రాజెక్టు. గేటు దగ్గర నోటీసు చూసి వచ్చినవాళ్ళని నేల కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చోబెట్టి డిపార్టుమెంటు వాళ్ళ పాత ఫోటోలు చూపిస్తుంది. శబ్దం రాకూడదని తలుపు వేసేస్తుంది. లోపల ఆమె, వచ్చిన మనిషి. అంతే.

పెద్దాయన జవాబులు పనికిరావని తీసేసింది. అక్కడితో మర్చిపోయేదే.

మర్నాడు వరండాలో ఆయనే నిలబడి ఉన్నాడు.

“ఒకసారి చేసినవాళ్ళు మళ్ళీ చెయ్యకూడదండీ.”

“ఏమీ చెయ్యనమ్మా. ఒక్క ముఖం చూసి వెళ్ళిపోతాను.”

“ఏ ముఖం?”

“ఆ భయపడిపోతున్న అమ్మాయిది.”

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. నవ్వే ముఖాలు అన్ని ఉండగా ఈయనకి అదే కావాలా?

“ఎందుకు?”

ఆయన నోరు తెరిచాడు. అంతలోనే పెదాలు బిగించుకుని వెనుదిరిగాడు.

హాస్టల్ గదిలో స్నేహితురాలు పకపకా నవ్వింది. “మీ మేడమ్ కూడా రెండోసారి తిరిగి చూడని ప్రాజెక్టు! వీరాభిమాని దొరికాడు కదే నీకు!”

“నవ్వకే బాబూ. నాకు నిజంగానే భయంగా ఉంది.”

స్నేహితురాలి నవ్వు ఆగింది. “ఎదుటివాళ్ళు భయపడుతుంటే చూసి ఆనందించే రకం ఉంటారని మొన్నేగా చదువుకున్నాం. ఆ గదిలో ఒక్కదానివే ఉండకు.”

ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఎటు చూసినా ఆయనే. గేటు దగ్గర ఆయనే. లైబ్రరీ మెట్ల కింద ఆయనే. క్యాంటీన్ అద్దంలోంచి చూస్తే రోడ్డుకి అవతల ఆయనే.

దగ్గరికి రాడు. ఊరికే చూస్తుంటాడు.

ప్రాజెక్టు ఆపేద్దామంటే ఆనర్స్ చేజారిపోతుంది. ఆపకుండా ఉందామంటే ఆ గదిలోకి దిగాలంటేనే భయం.

ఆ వారం చివర, ముఖాలు చూడ్డానికి వచ్చినామెని పంపించేసి కంప్యూటర్ ఆపబోతుంటే తలుపు కిర్రుమంది.

ఆయన. చేతిలో నల్లగా ఏదో ఉంది.

“ఆపకమ్మా,” అన్నాడు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆమె ఆ ముఖాన్ని తను నేర్చుకున్న పద్ధతిలోనే చదివింది. రెప్ప వెయ్యని కళ్ళు. బిగిసిన దవడ. అదిరే ముక్కుపుటాలు.

కోపం. సందేహమే లేదు.

గొంతు చించుకుని అరిచింది.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి మెలిపెట్టాడు. చేతిలోది కింద పడింది. ఫోను. కెమెరా తెరిచి ఉంది.

“ఆడపిల్లని ఫోటోలు తియ్యడానికొచ్చావా? ఈ వయసులో ఇదేం పాడుబుద్ధయ్యా?”

“ఈ అమ్మాయిని కాదు బాబూ... ఆ కంప్యూటర్లో అమ్మాయిని...”

“ఏ అమ్మాయైతే ఏంటి! నడు. మళ్ళీ ఈ ఛాయల్లో కనిపించావో, పోలీసులకి అప్పజెప్తాను.”

ఆయన వంగి ఫోను తీసుకున్నాడు. ఖాళీగా వెలుగుతున్న తెర వంక ఒకసారి చూసి, గోడ పట్టుకుని మెట్లెక్కాడు.

“పేరేంటమ్మా ఆయనది?” అడిగాడు వాచ్‌మన్.

“తెలీదు. మేం పేర్లు అడగం. ఊరూ అడగం.”

ఆయన మళ్ళీ కనిపించలేదు. ఆమెకి కంటినిండా నిద్ర పట్టసాగింది.

పూర్తయిన ప్రాజెక్టు చూస్తూ మేడమ్ అడిగింది. “ఒకరి జవాబులు తీసేశావేం?”

“ఆయన మామూలు మనిషి కాదు మేడమ్,” అంటూ జరిగిందంతా చెప్పింది అమ్మాయి. ఆ ముఖాన్ని తెర మీదికి తెచ్చి, “దీని కోసమే అదంతా,” అంది.

మేడమ్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

“ఈ ఫోటోలన్నీ మేం ఆనర్స్ చదివేటప్పుడు తీసినవి. ఇది నా పక్కన కూర్చునే పిల్ల. భయం నటించవే అంటే ఫక్కున నవ్వేసేది. చివరికి నేనే వెనకనుంచి కాగితం సంచీ ఊది పేల్చాను.”

“ఇప్పుడెక్కడ ఉన్నారు మేడమ్?”

“ఆ ఏడాదే వాళ్ళింటికి నిప్పంటుకుంది. తనూ, వాళ్ళమ్మా లోపలే ఉండిపోయారు. ఇంట్లో ఫోటో అన్నది ఒక్కటి కూడా మిగల్లేదు.”

అమ్మాయి కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

“పనిమీద ఊరెళ్ళబట్టి వాళ్ళ నాన్న ఒక్కడు బతికాడు,” అంది మేడమ్. “మా అమ్మాయి ఫోటో ఏదైనా ఉందా తల్లీ అని మా అందరి ఇళ్ళకీ తిరిగాడు పాపం. ఇలా భయపడుతున్న ముఖం ఆయన చేతిలో ఎలా పెడతామని, ఒక్కటీ లేదని చెప్పేశాం.”