సముద్రానికి పదడుగుల దూరం

"గీత! గీత చూసుకోండి! కాలి బొటనవేలు కూడా దాటకూడదు!"

హెడ్మాస్టరు విజిల్ ఊదాడు. మూడో తరగతి పిల్లలు ముప్పై ఒక్కమంది, ఇసుకలో సున్నంతో గీసిన గీత వెనక్కి సర్దుకుని నిలబడ్డారు. గీతకి అవతల పదడుగుల్లో సముద్రం. అంత దగ్గర్లో సముద్రాన్ని పెట్టుకుని చేతులు కట్టుకు నిలబడమంటే పెద్దవాళ్ళ వల్లే కాదు, ఇక పిల్లల సంగతి చెప్పాలా!

క్లాసు టీచరు కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాస్తోంది. ఆమె ఉద్యోగం పర్మినెంటు కావాలంటే హెడ్మాస్టరు సంతకం పడాలి. ఆ సంగతి ఆయన పొద్దున్నే తేల్చేశాడు.

"ఒక్క పిల్ల చెయ్యి సముద్రానికి తగిలిందో, మీ కాగితం నా టేబుల్ మీదే ముసలిదైపోతుంది టీచర్ గారూ. ఆ తర్వాత మీ ఇష్టం."

అసలు ఈ విహారయాత్ర ఖాయం కావడానికే మూడు మీటింగులు పట్టాయి. ఒక తండ్రి బస్సు వద్దన్నాడు. సరేనని పిల్లల్ని జతలు జతలుగా నడిపించుకొచ్చారు. ఒక తల్లి ఎండ తగలకూడదంది. మధ్యాహ్నం దాకా నీడ పడే చోటే చూశారు. గవ్వలు గుచ్చుకుంటాయని ఇంకొకామె కళ్ళనీళ్ళు పెట్టుకునేసరికి ఇసుకంతా జల్లెడ పట్టించారు. తీరా లోతు మాట వచ్చేసరికి గదంతా గగ్గోలు. అప్పుడు హెడ్మాస్టరు లేచి, "లోతన్నదే లేని సముద్రం నేను చూపిస్తాను" అని బల్ల గుద్ది చెప్పాడు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టి సంతకాలు పెట్టారు.

"సార్, ఆ ఓడ పొద్దుటి నుంచీ అక్కడే ఉందేంటి సార్?" వెనక వరసలోంచి ఒకడు అడిగాడు.

"క్రమశిక్షణ అంటే అదీ! నిలబెట్టిన చోట నిలబడింది. నువ్వూ ఉన్నావు, ఎందుకూ!"

"అలల చప్పుడు లేదేంటి సార్?"

"ఇవాళ సముద్రం బుద్ధిగా ఉంది. మీకంటే నయం."

టీచరు నవ్వు ఆపుకోవడానికి పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అసలే అక్కడి ఘాటు వాసనకి పొద్దుటి నుంచీ తల పోటెత్తిపోతోంది. ఎత్తు నిచ్చెన మీద, నెత్తిన టోపీతో సముద్రాన్నే కనిపెట్టుకుని కూర్చున్న మనిషి ఆమెని కేకేశాడు.

"సాయంత్రం దాకా పిల్లల్ని ఇటు రానివ్వకండమ్మా. తర్వాత నన్నంటే లాభం లేదు."

"నా ప్రాణం ఉండగా రానివ్వనులే బాబూ" అంది టీచరు.

అంతలో ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని గుంజారు. చూడక్కర్లేదు, ప్రశ్నల పుట్టే అయ్యుంటుంది. బళ్ళో టీచర్లంతా ఆ పిల్లకి పెట్టుకున్న పేరు అది. చెవిలో జోరీగలా మొదలుపెట్టిందంటే ఇక వదలదు.

"టీచర్, ఒక్కసారి ముట్టుకుంటా."

"వద్దమ్మా."

"ఒక్క వేలితో."

"వేలితో కూడా వద్దు."

"మరెందుకొచ్చాం?"

"చూడ్డానికి."

"చూడ్డానికైతే మా ఇంట్లో క్యాలెండర్ మీద ఉందిగా?"

ఆ పిల్ల ఇంకా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"మా నాయనమ్మ మంచం దిగలేదు టీచర్. సముద్రం ఎప్పుడూ చూళ్ళేదంట. నువ్వు ముట్టుకుని రావే, ఆ చేతులు నా చెంపలకి ఆనించు, నేను చూసొచ్చినట్టే అంది. నేను ఒట్టేశాను."

"ఎవరు వెయ్యమన్నారే ఒట్లు?"

"మనం సముద్రం దగ్గరికెళ్తున్నామని మీరేగా చెప్పారు!"

నిజమే, తనే చెప్పింది. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ చెప్పింది. టీచరుకి సిగ్గేసింది.

"అందరూ ఇటు తిరగండి! ఫొటో!" హెడ్మాస్టరు కెమెరా తీశాడు. "సముద్రానికి వీపు పెట్టండి. ఆ... ఆనందంగా ఉండండి! ఏయ్ రెండో వరస, ఆనందం చాల్లేదు!"

పిల్లలు పళ్ళు ఇకిలించారు. టీచరు ఆ పిల్ల చేతిని గట్టిగా పట్టుకునే ఉంది. కళ్ళ ముందు ఒక పక్క టేబుల్ మీది కాగితం, ఇంకో పక్క ఎవరో తెలియని ముసలావిడ చెంప. ఏడాదిన్నరగా ఆ సంతకం కోసమే ఈయన వేసే జోకులన్నిటికీ నవ్వింది. ఇంకో ఏడాది నవ్వితే కొంపేం మునిగిపోదు.

వేళ్ళు వదులు చేసింది.

"ఊఁ, పరిగెత్తు" అంది చెవిలో.

ఆ పిల్ల ఒక్క ఉదుటున గీత దాటింది. విజిల్ మోగింది. మళ్ళీ మోగింది.

"పట్టుకోండి! టీచర్ గారూ, మీ కాగితం!" హెడ్మాస్టరు అరిచాడు.

"మీ దగ్గరే ఉంచుకోండి సార్!"

"వద్దు పాపా! వద్దు తల్లీ!" నిచ్చెన మీది మనిషి నెత్తి బాదుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ప్రశ్నల పుట్ట రెండు అరచేతులూ సముద్రానికి ఆనించేసింది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత వెనక్కి తిరిగి, చేతులు రెండూ పైకెత్తుకుని, గెంతుకుంటూ వచ్చేసింది. పిల్లలంతా గీత సంగతి మర్చిపోయి చుట్టూ మూగారు.

"అంటుకుంది టీచర్! ఇంటికెళ్ళేదాకా ఉంటుంది!"

గోడ మీది సముద్రానికి రంగు ఇంకా ఆరలేదు.