మోటారు ఇంటిపేరు

డిక్కీ తాళం మోటారు కాలిపోయి, అత్తగారి చక్రాల కుర్చీ లోపలే ఉండిపోయింది. వకుళ వెనక సీటు మడిచి, పాక్కుంటూ దూరి, పాతసామాన్ల కొట్లో కొన్న మోటారు బిగించింది. సొంతదారు ఇంటిపేరు పెట్టని సామాను ఏ కారులోనూ పనిచెయ్యని కాలం.

“ఇది వేరే ఇంటి మోటారండి. మీ ఇంటిపేరు పెట్టమంటారా?” అనడిగింది కారు.

“పెట్టు. సూరంపూడి.”

“పెడితే పాత ఇంటిని పూర్తిగా మరిచిపోతుంది. సరేనా?”

వకుళ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టింది. “దాన్ని అడిగావా?”

“దాన్ని అడిగే పద్ధతి లేదండి.”

“ఏంటమ్మాయ్ ఆలోచన? సరే అనెయ్. ఆసుపత్రికి టైమైపోతోంది!” వరండాలోంచి అత్తగారు కేకేసింది.

“సరే,” అంది వకుళ. డిక్కీ తెరుచుకుంది.

కుర్చీలో కూర్చోబెడుతుంటే అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది.

“అమ్మాయ్, మా పుట్టింటివాళ్ల ఇంటిపేరు నీకెప్పుడైనా చెప్పానా? ఎంతకీ గుర్తు రావట్లేదే.”