టీవీ మీది మీటరు

“శనివారం సాయంత్రం మా కొండపాటలు తీసేసి కుక్కల పోటీలు వేస్తారా? సిగ్గులేదూ మీకు?” నాష్‌విల్ టీవీ చానల్‌కి ఫోన్ చేసి విరుచుకుపడింది ఆర్డిత్.

“మేమేం చేస్తామమ్మా? చూసేవాళ్ల లెక్క కట్టే మీటర్లున్న ఇళ్లలో మొదటి పాట కాగానే టీవీ కట్టేస్తున్నారు.”

“ఎవరా వెర్రి మాలోకాలు?”

పక్కనే ఫిడేలు తుడుస్తూ ఫోన్లో మాటలు వింటున్న మొగుడు హోబర్ట్, తమ టీవీ మీదున్న మీటరుకేసి గడ్డం ఎగరేశాడు. “మనమేనే.”

“నోర్ముయ్! ఒక్క వారమైనా మానామా?”

“మొదటి పాట వినగానే ‘కట్టెయ్ టీవీ, తియ్యి ఫిడేలు’ అంటూ బాంజో అందుకునేది ఎవరు? ఇరుగుపొరుగంతా మన వరండాలో చేరి వాయించలేదూ?”

ఆర్డిత్ మూలనున్న తన బాంజోకేసి తిరిగింది.

“అమ్మా, లైన్లో ఉన్నారా?”

“ఉన్నాను!” అరిచింది. “టీవీ కట్టేశాక మా ఇంట్లో ఏం మోగిందో మీ మీటరు చెప్పలేదా?”