డబ్బాకి చుట్టిన గుడ్డ

“రోడ్డు మాత్రం దిగకండి బాబూ! బస్సు దిగిన కాడే నిలబడండి. తోటకి నీళ్ళు కట్టేసి, పికప్ ఏసుకుని నేనే వత్తాను.”

“దిగేశానండీ! ఇప్పుడు ఎటు చూసినా ఇసకే. రోడ్డు కనిపించడం లేదు.”

“ఏటీ, దిగేశారా? ఎటేపు నడిసేరు? దగ్గర్లో ఏదన్నా...”

అంతే. సూర్యకిరణ్ చేతిలో ఫోను చచ్చిపోయింది.

ఇంజనీరింగ్ చదువుతూ, వేసవిలో ఇంటర్న్‌షిప్ చేద్దామని కువైట్ వచ్చిన కుర్రాడు. శుక్రవారం సెలవు దొరికితే గదిలో కాలు నిలవదు. సముద్రం, బజార్లు, కోటలు అన్నీ అయిపోయి ఈ వారం ఎడారి అంచున ఉన్న వఫ్రా తోటల వంతు వచ్చింది. ఇందాక ఫోన్లో మాట్లాడిన గంగరాజు పనిచేసేది ఆ తోటల్లోనే. అతనికి ఇమ్మని, రాజోలులో సూర్యకిరణ్ వాళ్ళ వీధిలో ఉండే అతని పెళ్ళాం సత్యదుర్గ ఓ డబ్బా ఇచ్చి పంపింది. స్వామికార్యం, స్వకార్యం రెండూ తీరతాయనుకున్నాడు. బస్సు దిగాక కంచెల అవతల ఒంటెలు కనిపించాయి. ఒక్క ఫోటో అనుకున్నాడు. అవి ముందుకు పోతూ ఉంటే వాటి వెనకాలే ఇతనూ పోయాడు.

ఇప్పుడు ఒంటెలూ లేవు, కంచెలూ లేవు. నెత్తిన ఎండ మాత్రం ఉంది.

రోడ్డు ఇటే ఉండాలని ఓ దిక్కున నడిచాడు. నడిచి నడిచి ఇసకలో సగం కూరుకుపోయిన లారీ టైరు దగ్గరికి వచ్చాడు. ఇంకో దిక్కున నడిచాడు. మళ్ళీ అదే టైరు. సీసా ఎత్తి గొంతులో వంపుకుంటే ఒక్క చుక్క కూడా రాలలేదు.

“ఎవరండీ! ఎవరైనా ఉన్నారా!” అని తెలుగులో అరిచాడు, హిందీలో అరిచాడు. వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ కలిపి అరిచాడు. గొంతు పోయిందే తప్ప పలికినవాడు లేడు. చచ్చిపోతానేమోనన్న భయం మొదటిసారి నిజంగా పట్టుకుంది. “అమ్మా!” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఏడుపు అయ్యాక బుర్ర కాస్త పనిచేసింది. నడిచిన దారికి గుర్తులు పెట్టుకుంటే మళ్ళీ టైరు దగ్గరికే రాకుండా ఉండొచ్చు. సంచి వెతికాడు. సత్యదుర్గ ఇచ్చిన డబ్బా తగిలింది. దానికో పాత నూలు చీర ముక్క చుట్టి, పీచు తాడుతో కట్టింది. పసుపు రంగు మీద ఆకుపచ్చ పువ్వులు. దాన్ని విప్పుతుంటే పులిసిన పాల వాసనలాంటిది గుప్పుమంది. డబ్బాకి చుట్టడానికి ఉతికిన గుడ్డే దొరకలేదా ఈవిడకి అనుకున్నాడు.

మూత తీస్తే కొబ్బరి లౌజు. ప్రొద్దుటినుంచి ఏమీ తినలేదు. చెయ్యి పెట్టబోయి ఆగాడు. “మీ చేత్తోనే ఆయనకి ఇవ్వండి తమ్ముడూ,” అని సత్యదుర్గ ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఎంత ఆశతో పంపిందో ఏమో. చావనైనా చస్తాను గానీ పరాయి సొత్తు తినను అనుకుని మూత బిగించేశాడు.

గుడ్డని పళ్ళతో చింపాడు. కనిపించిన ప్రతి ముళ్ళపొదకీ ఓ పీలిక కట్టుకుంటూ నడిచాడు. పీలికలు అయిపోయాయి. కాళ్ళూ అయిపోయాయి. ఓ పొద పక్కన కూలబడి, డబ్బాని మాత్రం గుండెలకి హత్తుకున్నాడు.

“బాబూ! బాబుగారూ! కళ్ళు తెరవండి!”

మొహం మీద నీళ్ళు పడ్డాయి. ఎదురుగా పికప్, పక్కన గంగరాజు.

“మెల్లగా తాగండి. ఎవరో పొదలకి పీలికలు కట్టేరు. అయ్యి సూసుకుంటా వచ్చేనండి. లేపోతే ఈ ఇసకలో మీరు నాకు దొరికేవోరా?”

నీళ్ళు తాగి తేరుకున్నాక సూర్యకిరణ్ డబ్బా అందించాడు. “ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదండీ. మీ ఆవిడ ఇచ్చింది ఇచ్చినట్టే తెచ్చాను,” అన్నాడు గర్వంగా.

గంగరాజు మూతైనా తీయలేదు. “అయ్యో, తినేయాల్సింది బాబూ! తెచ్చేవోరు దార్లో తింటారనే లౌజు పెట్టమన్నాను. దీనికి సుట్టిన గుడ్డేదండీ?”

“ఆ పీలికలు దానివేనండీ! చింపి కట్టాను. ఆ పాత గుడ్డే నా ప్రాణం కాపాడింది.”

గంగరాజు కుర్రాణ్ణి ఎక్కించుకుని పికప్ వెనక్కి తిప్పాడు. మొదటి పొద దగ్గర ఆపాడు. దిగి, ముడి విప్పి, పీలికని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాడు. మళ్ళీ ఎక్కాడు. రెండో పొద దగ్గరా అంతే. మూడో దగ్గరా అంతే.

సూర్యకిరణ్‌కి విసుగొచ్చింది. “ఎందుకండీ ఆ పీలికలు? కావాలంటే మీ ఆవిడకి కొత్త చీరే కొనిస్తాను.”

గంగరాజు ఆఖరి పీలిక కూడా వాసన చూశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఒట్టి దుమ్ము వాసనండీ,” అన్నాడు. “పుట్టిన కాణ్ణించీ మా పాపని ఫోన్లోనే సూత్తన్నాను. ఫోన్లో వాసన రాదు కదండీ! అందుకే అది పడుకున్న గుడ్డ ఉతక్కుండా పంపమన్నాను.”