లోవ ఇంటి పలక

సముద్రం మీద తేలే ఇళ్లన్నీ రంపపుపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి పోసిన పలకలతో కడుతున్న రోజులవి. ఒక్కో ఇంటి పలకల్లోంచి ఒకదాన్ని తీరంలోని పరీక్షల దొడ్లో ఎండకూ వానకూ వదిలేవారు. అది పగిలిందంటే ఆ ఇంటివాళ్లను వెంటనే ఒడ్డుకు రప్పించేస్తారు. బాగున్నంతకాలం మాత్రం అక్కడి పనివాళ్లకు సెలవు లేదు.

ఉప్పుకు ఎన్నాళ్లకు పగులుతాయో చూడ్డానికి ఆ పలకల మీద రోజుకొక చెంబు ఉప్పునీళ్లు పోయడం నూకాలమ్మ పని. పొద్దున్నే ముందుగా కూతురు లోవ ఇంటి పలకనే తడిమి చూసుకునేది. వేలికి తెల్లపొడి అంటితే చాలు, పలక అరిగిపోతోందని హడలిపోయేది. రేపే తుపానొస్తే? ఇల్లు విరిగితే? పిల్లకి ఈతయినా సరిగ్గా రాదాయె! ఆ పిల్లని కళ్లారా చూసి మూడేళ్లయింది.

ఆ రోజు లోవ ఫోన్ చేసింది. "అమ్మా, నా పలకెలా ఉందే?"

"రాయిలా ఉంది తల్లీ. భయపడకు."

"భయం నాకేంటే, నీకు గానీ!" అని నవ్వింది లోవ. తర్వాత మెల్లగా అడిగింది. "చిన్న గీతయినా పడలేదా?"

ఆ గొంతులో ఆశ వినబడింది నూకాలమ్మకు.

ఫోన్ పెట్టేసి, అలవాటుగా పలక మీద చెంబుడు ఉప్పునీళ్లు పోసింది. చుట్టూ చూసి, ఇంకో చెంబు ముంచింది.