మంత్రిగారి క్షమ

సభ మొదలయ్యే వేళకు వేదిక మీద ఒక కుర్చీ తక్కువైంది. యేసుబాబు నిజంగా వస్తాడని నిర్వాహకులు అనుకోలేదు. లెక్చరరు సునీల్ తన కుర్చీ అతనికిచ్చి, పక్కన బల్ల మీద సర్దుకున్నాడు.

ప్రొద్దుటూరులో ఆ ఉదయం మాజీ మంత్రి ఓబులేసు గారి ఆత్మకథ ఆవిష్కరణ. హాలు నిండిపోయింది. పుస్తకం కంటే జనం యేసుబాబునే ఎక్కువగా చూస్తున్నారు. ఒకప్పుడు ఓబులేసు గారి కారు మీద నాటుబాంబు వేసి జైలుకెళ్లిన మనిషి అతను. ఎవరు పంపారని పోలీసులు ఎంత కొట్టినా నోరు విప్పలేదు.

పుస్తకంలో అందరూ చెప్పుకొనే అధ్యాయం అదే. ఓబులేసు గారు మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డ రోజులు. జమ్మలమడుగు నుంచి మైలవరం వైపు ప్రచారానికి వెళ్తుంటే, దారిలో గంగమ్మ గుడి దగ్గర ఆయనకు ఎందుకో దిగాలనిపించింది. టెంకాయ తీసుకుని డ్రైవరును కూడా వెంట రమ్మన్నారు. ఇద్దరూ గుడిలో ఉండగానే ఖాళీ కారు మీద బాంబు పడింది. అంతవరకూ నాస్తికుడైన తాను ఆ క్షణంలోనే దేవుణ్ణి నమ్మానని రాసుకున్నారు. కారు కాలిపోయిన చోటికి ఊళ్లకు ఊళ్లు ఏడుస్తూ వచ్చాయనీ, ఆ ఎన్నికలో గెలిచాననీ కూడా రాశారు గానీ, ఒక్క వాక్యంలో ముగించారు.

పుస్తకాన్ని సునీల్ సమీక్షించాడు. నాయకులను పొగడడం అతనికి అలవాటు లేదు. ఆ రోజు మాత్రం మనసారా పొగిడాడు. మనిషి నీతీ భక్తీ శత్రువుతో నడుచుకున్న తీరులో బయటపడతాయన్నాడు. ముద్దాయికి శిక్ష తగ్గించమని ఓబులేసు గారు కోర్టును వేడుకున్న సంగతి చెప్పాడు. యేసుబాబు జైల్లో ఉన్నన్నాళ్లూ అతని కూతురు జీవితను పులివెందులలో ఉంచి నర్సు చదివించిన సంగతి చెప్పాడు. చివర్లో పుస్తకంలోంచి రెండు వాక్యాలు చదివాడు.

"అతణ్ణి పంపింది ఎవరని నేను ఏనాడూ అడగలేదు. దేవుడికి తెలుసు, నాకు అది చాలు."

హాలంతా చప్పట్లు.

సునీల్ పొగడ్త పైపైన అన్నది కాదు. కమలాపురంలో ఉన్న అన్నతో అతనికి ఏళ్ల తరబడి మాటల్లేవు. నాన్న సమాధి దగ్గర కూడా ఇద్దరూ చెరో పక్కన నిలబడ్డారు. ఈ అధ్యాయం చదివిన మర్నాడు సునీల్ కమలాపురం బస్సెక్కాడు. తప్పు తనదేనన్నాడు. అన్న లోపలికి చూసి, తమ్ముడికి కూడా అన్నం పెట్టమన్నాడు.

సభ చివర ఓబులేసు గారు లేచి వచ్చి యేసుబాబును కౌగిలించుకున్నారు.

"నిన్ను ఎప్పుడో క్షమించినాను యేసుబాబూ" అన్నారు మైకులో.

యేసుబాబు తల వంచుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లు కొందరు కళ్లు తుడుచుకున్నారు.

మధ్యాహ్నం అతణ్ణి లింగాలలో దింపి వస్తానని సునీల్ తన కారులో ఎక్కించుకున్నాడు. పులివెందుల దాటాక తన అన్న సంగతంతా చెప్పాడు. మీ కథ చదవకపోయుంటే ఈ జన్మకు అన్న మొహం చూసేవాణ్ణి కాదన్నాడు.

"మంచి పని జేసినావప్పా" అన్నాడు యేసుబాబు. "అన్నను ఇడిసిపెట్టొద్దు."

ఆ మాటకు సునీల్‌కు చనువొచ్చింది.

"ఒకటి అడుగుతా మామా, తప్పుగా అనుకోవద్దు. నువ్వు చర్చికి పోయే మనిషివి. ఆ పొద్దు ఆయనను కారు దింపింది దేవుడేనని నువ్వు నమ్ముతాండావా?"

యేసుబాబు రోడ్డు పక్కన అరటి తోటల మీది చూపు సునీల్ వైపు తిప్పాడు.

"దేవుడు శానా పనులు జేస్తాడు గానీ అప్పా, గుడికాడ డ్రైవర్ని గూడా దింపుకోని పోతా, కారు కాళీగా ఉంటాది, అప్పుడు బాంబెయ్యి అని ముందు రోజు నాతో చెప్పింది మాత్రం ఓబులేసప్పే."