సీలు విప్పని లైట్‌హౌస్

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో నలుగురున్నారు. నాన్న, అమ్మ, అక్క, చిట్టి. బీరువా మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న పెట్టెను కూడా కలిపితే ఐదుగురు. నాన్న అయితే ఆ పెట్టెతోనే లెక్క మొదలుపెడతాడు.

అందులో రెండు వేల ప్లాస్టిక్ ముక్కలున్నాయి. ఒకదాని మీద ఒకటి బిగిస్తూ పోతే మూరెడు ఎత్తు లైట్‌హౌస్ లేస్తుంది. పైన దీపం గిర్రున తిరుగుతుంది. చిట్టి పుట్టిన రోజే నాన్న ఆరు వేలు పోసి కొన్నాడు. ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకని పెట్టె మీద రాసి ఉంది. నిండాక విప్పుకుంటుందిలే అన్నాడు.

ఈలోగా కంపెనీవాళ్లు ఆ సెట్టు తయారుచేయడం మానేశారు. దాంతో ధరకి రెక్కలొచ్చాయి. ఆరు పన్నెండైంది. పన్నెండు పాతికైంది. చిట్టికి ఎనిమిదేళ్లు నిండేసరికి ముప్పై ఐదు. అప్పటికది బొమ్మ కాదు, ఆస్తి.

"సీలు విప్పితే సగం ధర పోతుందే పిచ్చిదానా. నీకోసమేగా దాస్తున్నా," అన్నాడు నాన్న.

ఆయన చెడ్డవాడేం కాదు. బజారులో అన్నిటి ధరా పెరిగింది, ఆయన జీతం తప్ప. పెరిగేవాటిలో నాది అని చెప్పుకోవడానికి ఆయనకున్నది ఆ పెట్టె ఒక్కటే.

ఎల్లుండి చిట్టిని ఆస్పత్రిలో చేర్చాలి. గుండెలో చిన్న రంధ్రం. చిన్న ఆపరేషనే అన్నాడు డాక్టరు. చిన్నదే చిన్నదే అని అందరూ అనడమేగానీ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు.

"వెళ్లేలోపు ఒక్కసారి లైట్‌హౌస్ కడతా నాన్నా," అని చిట్టి వారం రోజులుగా అడుగుతోంది. మరోపక్క అమ్మ, "అమ్మిపారేయండి, ఆస్పత్రికి అక్కరకొస్తుంది," అని పోరుతోంది. ఆ పోరు పడలేక నాన్న నిన్న ఫోన్లో నలభై వేలని ప్రకటన పెట్టాడు.

ఇవాళ పొద్దున్నే ఒకావిడ వచ్చింది.

అక్కే తలుపు తీసింది. తీసి, పలకరించకుండానే వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడింది. కొత్తవాళ్లొస్తే అక్క అంతే. నోట్లోంచి మాట పెగలదు.

నాన్న పెట్టెను పసిబిడ్డను దించినట్టు దించాడు.

"మూలలు చూసుకోండి, ఒక్క నొక్కు లేదు. సీలు చూసుకోండి. కావాలంటే తూకం వేసుకోండి."

"ఎందుకులెండి, బాగానే ఉంది." ఆవిడ పెట్టెను తలకిందులుగా పట్టుకుంది. "నలభై అన్నారుగా. తెచ్చాను."

నాన్న చెయ్యి పెట్టె మీదే ఆగిపోయింది.

లోపలి గదిలోంచి చిట్టి గొంతు వినిపించింది. "అక్కా, అమ్మేస్తున్నారా?" ఆ వెంటనే ఏడుపు.

అక్క కదల్లేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నాన్న మొహమే చూస్తోంది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏ దేవుడికి ఏం మొక్కుకుంటోందో.

నాన్న అమ్మను పక్కకు పిలిచాడు.

"చూశావా, బేరమాడలేదు."

"మంచిదేగా."

"మంచిదేంటి నీ మొహం. టమాటాలకే అరగంట బేరమాడతారు జనం. ఈవిడకి పెట్టె పట్టుకోవడం కూడా రాదు, నలభై అంటే నలభై తీస్తోంది. ఈవిడ సొంతానికి రాలేదు. వెనక ఎవరో పెద్ద పార్టీ ఉంది. ధర ఇంకా పెరుగుతుందని తెలిసే పంపించారు."

"పెరిగితే పెరగనివ్వండి. ముందు ఎల్లుండి సంగతి చూడండి."

"దానికి ఆఫీసులో అడ్వాన్సు అడిగాన్లే."

వెనక్కి వచ్చి కూర్చుని నాన్న గొంతు సవరించుకున్నాడు.

"అరవై అయితే ఇస్తానండి."

ఆవిడ మొహం పాలిపోయింది. గొంతు తడారిపోయినట్టు వంటింటి వైపు చూసింది. అమ్మ గ్లాసుతో మంచినీళ్లిచ్చింది.

"నలభై రాశారు కదండీ. పోనీ, నా చేతివి ఇంకో వెయ్యి వేస్తాను."

"మిమ్మల్ని పంపినవాళ్లకి ఫోన్ చేసి అడగండి."

"వాళ్ల దగ్గరా అంతకన్నా లేదండీ," అందావిడ నేల చూస్తూ.

చెప్పానా, అన్నట్టు నాన్న అమ్మకేసి చూశాడు.

"అయితే ఇంకో ఏడాది ఆగి రండి. అప్పటికి ఎనభై అవుతుంది," అంటూ పెట్టెను బీరువా మీదికెక్కించి దుప్పటి సర్దాడు.

లోపల ఏడుపు ఆగింది. "అమ్మలేదు, అమ్మలేదు," అంటూ చిట్టి మంచం మీదే చప్పట్లు కొట్టింది.

"చూడు, దాని విలువ దానికీ తెలుసు," అన్నాడు నాన్న. అమ్మ నుదురు కొట్టుకుంది.

అక్క గోడవారనే జారి కూర్చుని చున్నీలో మొహం దాచుకుంది. చెల్లెలి పెట్టె దక్కిందన్న సంతోషం కాబోలనుకుంది అమ్మ.

రెండేళ్లుగా ఇంట్లో తెలియకుండా ఆవిడ కుట్టుకొట్లో గుండీలు కుట్టి అక్క కూడబెట్టిన డబ్బు, ఆ పెట్టె కొని ఆస్పత్రికి తెచ్చి చిట్టి చేతుల్లో పెట్టమని అక్క ఇచ్చిన డబ్బు చేతిసంచిలో అలాగే ఉండగా, మెట్టు దిగబోతూ వెనక్కి తిరిగిన ఆ దర్జీ ఆవిడ మొహం మీద నాన్న తలుపు వేశాడు.